ఫాంగాలోతోలో మోగని సైరన్

పదకొండో భాగం

రెండేళ్ళ కిందటి ఒక మంగళవారం దగ్గరికే మన కథ మళ్ళీ మళ్ళీ వెళుతోంది. ఆ పొద్దున ఫాంగాలోతో దీవి మీదికి సముద్రం లేచి వచ్చింది. భూమి కంపించింది ఎక్కడో దూరాన, నీటి అడుగున. దీవిలో చెంబు కూడా కదల్లేదు. ముందుగా మోగి ఊరిని గుట్ట ఎక్కించవలసిన సైరన్ మోగలేదు. తొమ్మిది మంది పోయారు. సైరన్‌ను నడిపే సర్వర్ పెట్టెకు కాపలాదారు ఫినేఆసి. తన ఐసు పెట్టెకు కరెంటు చాలక సర్వర్ ప్లగ్గు పీకేశాడని విచారణ తేల్చింది. "పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది, నేను దాని పక్కనే కూర్చున్నాను" అని విచారణ మొదటి రోజున గట్టిగా చెప్పిన మనిషి, రెండో రోజు నుంచి నోరు విప్పలేదు. ఊరు అతన్ని వెలివేసింది. ఇప్పుడు రాజధాని నూకుఅలోఫాలో మేనకోడలు హింగానో ఇంట్లో ఉంటూ, పెరట్లో పెండలం పాదులు చూసుకుంటున్నాడు. చర్చికి పోడు. నలుగురూ చేరి కావా వేరు కషాయం తాగే చోటికీ పోడు.

హింగానో పని చేసేది దీవుల సైరన్లకు ఆజ్ఞలు పంపే హెచ్చరికల కార్యాలయంలోనే. అక్కడి పెద్ద ఇంజనీరు సోఆకాయి ఆమెకు పని నేర్పిన గురువు. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ప్రోగ్రాములో లోపం బయటపడింది. దానిలోంచి ఎవరైనా చొరబడవచ్చు. బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా అన్ని దీవుల్లో కొత్త ప్రోగ్రాము పెట్టి తీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పది దీవులు అయ్యాయి. ఫాంగాలోతో ఒక్కటే మిగిలింది. ఆ దీవి పని ఎప్పుడూ సోఆకాయి తానే చేస్తాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. కానీ ఆ బుధవారం పొద్దున పంటి నొప్పితో చెంప వాచి, ఆసుపత్రికి పోయాడు.

పదిన్నరయింది. హింగానో కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"అక్కా, వినపడుతోందా?"

శాటిలైట్ ఫోను స్పీకరులోంచి గరగరమంటూ పెలెనైసే గొంతు వచ్చింది. "వినపడుతోంది. బయట నలుగురు పేషెంట్లు కూర్చున్నారు, తొందరగా కానియ్యి."

పెలెనైసే ఫాంగాలోతో ఆరోగ్య కేంద్రంలో నర్సు. సర్వర్ పెట్టె ఉన్నది ఆమె మందుల గదిలో. అలలో ఆమె ఏడేళ్ళ కూతురు లూసేఆనే పోయింది. ఏడాది దాటాక ఊళ్ళో అందరూ సంతాపపు నల్లబట్టలు విడిచారు, ఆమె మాత్రం విడవలేదు. హింగానో ఎవరి మేనకోడలో ఆమెకు తెలుసు. అందుకే ఫోనులో ఏనాడూ ఒక మాట ఎక్కువ మాట్లాడదు.

"పచ్చలైటు వెలుగుతోందా అక్కా?"

"వెలుగుతోంది." ఇవాళ మాత్రం పెలెనైసే అంతటితో ఊరుకోలేదు. "మీ ఇంట్లోవాళ్ళకి ఆ లైటంటే మహా ఇష్టంలే."

హింగానో ఆ మాటను మింగింది. "ఫోను పెట్టెయ్యకు. అరగంట పని. తేడా వస్తే ఆ పెట్టె ముందు మనిషి ఉండాలి."

"తేడా వస్తే నేనేం చేస్తాను? నాకు సూది వెయ్యడం వచ్చు."

"నేను చెప్పింది చేస్తే చాలు."

"అది మొత్తానికే ఆగిపోతే?"

"పడవ తొమ్మిది రోజులకి ఉంది. నేనే వస్తాను."

"తొమ్మిది రోజులు సైరన్ లేకుండా," అంది పెలెనైసే. ఆమె అడగలేదు, ఊరికే అంది.

ఆ భయం హింగానోకీ ఉంది. సర్వర్‌లోకి దూరం నుంచి వెళ్ళే దారి లాగిన్ సర్వీసు ఒక్కటే. సైరన్ మోగించమని కార్యాలయం పంపే ఆజ్ఞ వెళ్ళేదీ ఆ దారినే. కొత్త ప్రోగ్రాము పెట్టాక ఆ సర్వీసును ఒకసారి ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి. మొదలు కాకపోతే తలుపు లోపలి నుంచి గడియ పడ్డట్టే. పెట్టె నడుస్తుంది, లైటు వెలుగుతుంది, బయటివాడికి మాత్రం దారి ఉండదు. ఈ పని నేర్పేటప్పుడు సోఆకాయి ఎప్పుడూ విసుక్కోలేదు. నెమ్మదిగా, ఒకే మాట ఇరవై సార్లయినా చెప్పేవాడు. లోపల ఎవరున్నారో ముందు చూడమనేవాడు. ఒక విండోలో పని చేస్తూ ఉండమనీ, రీస్టార్ట్ అయ్యాక రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసుకోమనీ, అది తెరుచుకునేదాకా మొదటి విండో మీద చెయ్యి వెయ్యొద్దనీ చెప్పేవాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది.

హింగానో లాగిన్ అయింది. లోపల ఎవరున్నారో చూసింది. ఎవరూ లేరు. ఎవరెప్పుడు లోపలికి వచ్చి వెళ్ళారో చెప్పే చిట్టా తెర మీద పరుచుకుంది.

ఆ సర్వర్‌లోకి వెళ్ళేవాళ్ళు తక్కువ. నెలకోసారి సైరన్ పరీక్ష, మధ్యమధ్య సోఆకాయి. రెండేళ్ళ చిట్టా నాలుగు తెరల్లో అయిపోతుంది. ఆమె వేలు మీట మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఉండిపోయింది. వరసలు పైకి జారుతూ పోయి ఒకచోట ఆగాయి. అక్కడ ఉన్న తేదీ ఆమెకు తెలిసిన తేదీ. దీవుల్లో అందరికీ తెలిసిన తేదీ.

ఆ మంగళవారం. సోఆకాయి. లోపలికి వచ్చింది ఎనిమిది యాభై ఒకటికి. వెళ్ళింది తొమ్మిది నాలుగుకి.

హింగానో ఆ వరసను మళ్ళీ చదివింది. తర్వాత దాని కిందా పైనా చదివింది. ఆ తర్వాత ఆరు రోజులు ఎవరూ లేరు. ఏడో రోజున మళ్ళీ సోఆకాయే, ఈసారి దూరం నుంచి కాదు, ఆ పెట్టె ముందు కూర్చుని.

విచారణ నివేదికలో ఒక వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. 'ఆ ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి ఎవరూ ఆ సర్వర్‌లోకి వెళ్ళలేదు.' దాని కింద సంతకం సోఆకాయిది.

ఆమె అక్కడితో ఆగలేదు. ఇంకొకటి వెతికింది. పెట్టె ఆగిపోయి మళ్ళీ లేస్తే, లేచిన సమయం చిట్టాలో ఒక వరసగా పడుతుంది. ప్లగ్గు పీకినా అంతే. ఆ మంగళవారానికి ముందు నాలుగు నెలల్లో గానీ, తర్వాత నెలలో గానీ అలాంటి వరస ఒక్కటి కూడా లేదు. పెట్టె ఆగలేదు. అల ఆరోగ్య కేంద్రం మెట్ల దగ్గరే ఆగిపోయింది. లోపల పెట్టె నడుస్తూనే ఉంది. పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

లాగిన్ సర్వీసుకు విడిగా ఇంకో చిట్టా ఉంటుంది. దాన్ని తెరిచింది. తొమ్మిది గంటల మూడు నిమిషాలకు సర్వీసు ఆపబడింది. తొమ్మిది గంటల మూడు నిమిషాలకే మళ్ళీ మొదలుపెట్టబోయి, మొదలు కాలేదు. కారణం కూడా రాసి ఉంది. సెట్టింగుల ఫైలు ఇరవై ఏడో వరసలో తప్పు.

రేకుల కప్పు మీద వాన దంచుతోంది. హింగానోకు ఆ చప్పుడు ఎక్కడో పక్క ఊళ్ళో పడుతున్న వానలా వినిపించింది.  కుర్చీ చేతిని పట్టుకుంది.

"లైన్లో ఉన్నావా?" అంది ఫోనులో పెలెనైసే.

"ఉన్నాను అక్కా. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషంలో ఆమె చేసిన పని ఒకటే. రెండు చిట్టాలనూ నకలు తీసి తన దగ్గర ఒకటి, కార్యాలయపు పెద్ద సర్వర్‌లో ఒకటి దాచింది. తొందరలో ఫైలు పేరు రెండుసార్లు తప్పు కొట్టింది.

తలుపు చప్పుడైంది. సోఆకాయి గొడుగు ముడిచి మూల నిలబెట్టాడు. యాభై దాటిన భారీ మనిషి. ఆఫీసు మర్యాదకు బట్టల మీద నడుముకి చుట్టుకున్న అల్లిక చాప అంచు తడిసి వేలాడుతోంది. ఒక చెంప బుట్టలా ఉబ్బి ఉంది, దవడలో దూది. సగం నోరు మొద్దుబారి మాట ముద్దముద్దగా వచ్చింది.

"పీకేశాడు. పన్ను పీకమంటే దవడే పీకేట్టున్నాడు." నవ్వబోయి, హింగానో తెర మీద ఉన్న దీవి పేరు చూసి ఆగిపోయాడు. "ఫాంగాలోతో ఎవరు మొదలుపెట్టమన్నారు? నేనొస్తానన్నానుగా."

"పన్నెండులోగా కావాలన్నారు మాస్టారూ."

"లే. నేను చేస్తాను."

హింగానో లేవలేదు. తెరను ఆయన వైపు తిప్పింది. "ఇది చదవండి."

సోఆకాయి నిలబడే చదివాడు. ఆయన పెదవులు కదిలాయి, ఇరవై ఏడు అన్న అంకె దగ్గర ఆగాయి. గోడ పక్కన బ్యాటరీ పెట్టె ఉంది. తడుముకుంటూ దాని మీద కూర్చున్నాడు. దవడలోంచి దూది తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అరచేతిలోనే పట్టుకున్నాడు. దూది ఎర్రగా ఉంది.

"ఎంతవరకు చదివావు?"

"అంతా."

"ఒక్క అక్షరం," అన్నాడాయన. "ఒకే అక్షరం రెండుసార్లు కొట్టాను."

హింగానో ఏదో ఒక అబద్ధం వింటానని అనుకుంది. ఇంకెవరో తన పేరుతో వెళ్ళారనో, గడియారం తప్పనో అంటాడని ఆశపడింది కూడా. ఆయన అలాంటిదేమీ అనలేదు.

"ఎందుకు వెళ్ళారు లోపలికి?"

"చిన్న మార్పు. ఆ రోజే చెయ్యాలని కూడా లేదు. తొమ్మిదింటికి కింద టీ. ఆ పూట కేకే బూరెలు నూనెలోంచి వేడివేడిగా దించుతున్నారు, వాసన పైదాకా వస్తోంది. ఫైలు మార్చాను, రీస్టార్ట్ కొట్టాను, విండో మూశాను, కిందికి దిగాను. మళ్ళీ లాగిన్ అయి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. చూసేదేముంది అనుకున్నాను."

"తొమ్మిది ముప్పై ఒకటికి సైరన్ ఆజ్ఞ పంపామని నివేదికలో ఉంది."

"నేనే పంపాను. లోపలికి పోలేదు. మళ్ళీ పంపాను. పదకొండుసార్లు పంపాను హింగానో. ఏడోసారికి అర్థమైంది తలుపు మూసింది నేనేనని." ఆయన చెంప తుడుచుకున్నాడు. మొద్దుబారిన వైపు కన్నీళ్ళు జారుతున్నట్టు ఆయనకు తెలియడం లేదు. "ఆ మొదటి విండో మూయకుండా కిందికి పోయి ఉంటే చాలు. సర్వీసు చచ్చినా అది బతికే ఉండేది. టీ తాగి వచ్చి దానిలోంచే సైరన్ మోగించేవాణ్ణి."

"నాకు నేర్పినవన్నీ..."

"ఆ తర్వాత నేను నేర్చుకున్నవే."

హింగానో లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నిలబడి ఏం చెయ్యాలో తెలియలేదు. ఈ మనిషి తన పెళ్ళికి పంది కాల్పించి, నెత్తిన మోసినంత పని చేశాడు. మామయ్య జ్వరాన పడితే కారు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పుడు మామయ్య తల ఈయన ఒళ్ళోనే ఉంది.

"మా మామయ్య ప్లగ్గు పీకాడని ఎందుకు చెప్పారు?"

"నేను చెప్పలేదు. ఐసు పెట్టె సంగతి విచారణవాళ్ళే ఊహించారు. నేను కాదనలేదు."

"కాదనలేదు," అంది హింగానో.

"కాదనలేదు."

"రెండేళ్ళు ఈ చిట్టా మీ చేతిలోనే ఉంది. చెరిపెయ్యాల్సింది."

"రెండుసార్లు చెరపడానికే కూర్చున్నాను. రెండుసార్లూ లేచిపోయాను. అబద్ధం రాయడానికి చెయ్యి వచ్చింది గానీ, దీనికి రాలేదు."

"ఆ టీ సంగతి ఇంకోసారి చెప్పమను."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఫోను బల్ల మీద ఉంది. దాని ఎర్రచుక్క వెలుగుతోంది. మాటల్లో పడి ఇద్దరూ దాన్ని మరిచిపోయారు.

"అక్కా..." అంది హింగానో.

"నీతో కాదు. ఆయనతో." పెలెనైసే గొంతు పెద్దది కాలేదు. రోగికి మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పేటప్పటి గొంతే. "టీకి వెళ్ళావా?"

సోఆకాయి లేచి నిలబడ్డాడు, ఆమె ఎదుట ఉన్నట్టే. "వెళ్ళానమ్మా."

"తొమ్మిదింటికి నా కూతురు ఒడ్డున గవ్వలు ఏరుతోంది. తొమ్మిదిన్నర దాటాక, సముద్రం వెనక్కి పోయిందని, గవ్వలు బోలెడు బయటపడ్డాయని నన్ను పిలవడానికి వచ్చింది. రోగిని చూస్తున్నాను, తర్వాత వస్తాలే అన్నాను. మళ్ళీ పరిగెత్తింది. సైరన్ మోగితే పట్టుకుని ఉండేదాన్ని."

సోఆకాయి తల వంచుకున్నాడు. 

"'లైటు వెలుగుతూనే ఉంది పెలెనైసే' అన్నాడు ఫినేఆసి. చర్చి మెట్ల మీద నా కాళ్ళ దగ్గర కూర్చుని అన్నాడు. నేను ఆయన మొహాన ఉమ్మేశాను." ఫోనులో పెలెనైసే గొంతు అలాగే సాగింది. "ఆ పొద్దున సముద్రం వెనక్కి పోవడం చూసి, చర్చి ముందు గంటగా వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండరుని ఇనుప కడ్డీతో కొట్టి కొట్టి ఆయన అరచేతులు చీలిపోయాయి. నా పెద్దవాడు ఆ చప్పుడుకే గుట్ట ఎక్కాడు. ఆ చేతులకి కట్టు కట్టింది నేనే. కట్టు కట్టి, మర్నాడు ఉమ్మేశాను."

హింగానో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకు ఈ సంగతి తెలియదు. మామయ్య ఎప్పుడూ చెప్పలేదు.

"ఇప్పుడు టైమెంత?" అంది పెలెనైసే.

"పదకొండూ పది."

"పని కానివ్వండి. ఏడవడం తర్వాత. ఆ తలుపు మళ్ళీ మూసుకుపోతే నేను ఒప్పుకోను."

సోఆకాయి కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు. హింగానో అడ్డం నిలబడింది.

"మీరు కీబోర్డు ముట్టుకోవద్దు."

"ముట్టుకోను. నా చేతులు ఇవాళ పనికి రావు కూడా." ఆయన మళ్ళీ బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నాడు. "నువ్వే చెయ్యి. నిదానంగా చెయ్యి."

కొత్త ప్రోగ్రాము దీవికి చేరడానికి పావుగంట పట్టింది. పాతదాని నకలు పక్కన పెట్టింది. సెట్టింగుల ఫైలును రీస్టార్ట్ కంటే ముందే తనిఖీ చేయించింది. సర్వర్ తప్పేమీ లేదంది. అయినా ఇరవై ఏడో వరసను ఆమె అక్షరం అక్షరం కళ్ళతో చదివింది. తర్వాత పెట్టెకు ఒక గడువు పెట్టింది. సరిగ్గా పది నిమిషాల్లో తన నుంచి 'ఆగు' అన్న మాట రాకపోతే, ఎవరూ చెప్పకుండానే పాత ప్రోగ్రామునూ పాత ఫైలునూ తిరిగి పెట్టి సర్వీసును లేపమని. దారి మొత్తం మూసుకుపోయినా దీవి దానంతటదే పాత దారి తెరుచుకుంటుంది.

"అక్కా, రీస్టార్ట్ చేస్తున్నాను."

"చెయ్యి."

హింగానో మీట నొక్కింది. మొదటి విండో కదల్లేదు, చచ్చిపోలేదు. రెండో విండో తెరిచి కొత్తగా లాగిన్ కొట్టింది. శాటిలైట్ మీదుగా మాట వెళ్ళి రావడానికి పట్టే రెండు సెకన్లు గడిచాయి. ఇంకో రెండు గడిచాయి.

లోపలికి రానివ్వలేదు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే మాట.  ఆ మంగళవారం పదకొండుసార్లు ఇదే తెర, ఇదే మాట చూసి ఉంటాడు ఈయన.

"ఏమైంది?" అంది పెలెనైసే.

"రెండోది తెరుచుకోలేదు."



సోఆకాయి కళ్ళు మూసుకునే అడిగాడు. "మొదటిది ఉందా?"

"ఉంది."

"అయితే ఏమీ పోలేదు. దాన్ని ముట్టుకోకు. నిన్ను ఎందుకు వద్దన్నదో సర్వీసే రాసి పెడుతుంది. మొదటి విండోలోంచి చదువు."

ఆ గొంతు వినడం ఆమెకు ఇష్టం లేదు. కానీ చేతులు ఆ గొంతు చెప్పినట్టే చేశాయి. చిట్టాలో కారణం ఉంది. సర్వీసు బతికే ఉంది, మొదలయింది. కానీ కార్యాలయం వాడే లాగిన్ కీ తొమ్మిదేళ్ళ నాటిది, పాత రకం. అలాంటి కీలను కొత్త ప్రోగ్రాము నమ్మదు. మిగిలిన పది దీవుల కీలు ఎప్పుడో మార్చారు. ఫాంగాలోతోను ఎవరూ ముట్టుకోలేదు, ఆయన ముట్టుకోనివ్వలేదు కాబట్టి.

"గడువు ఇంకా ఎన్ని నిమిషాలుంది?" అన్నాడు సోఆకాయి.

"ఆరున్నర."

"చాలు."

కొత్త కీ తయారు చేసింది. మొదటి విండోలోంచే దాన్ని దీవి సర్వర్‌కు పరిచయం చేసింది. సైరన్ ఆజ్ఞ వెళ్ళే దారికీ అదే కీ అతికించింది. రెండో విండోలో లాగిన్ కొట్టింది. రెండు సెకన్లు. తెర మీద 'ఫాంగాలోతో' అన్న పేరు వచ్చి, దాని పక్కన చుక్క మినుకు మినుకుమంది.

తెరుచుకుంది. హింగానో నమ్మలేక మూడో విండో కూడా తెరిచి చూసింది. అదీ తెరుచుకుంది. గడువుకు రెండు నిమిషాల ముందు పెట్టెకు 'ఆగు' అని చెప్పింది.

"బయట ఉన్నవాళ్ళకి పరీక్షేనని చెప్పు అక్కా. సైరన్ మోగిస్తున్నాను."

పెలెనైసే ఎవరినో కేకేసి చెప్పింది. తర్వాత ఫోనులోంచి ఆ చప్పుడు లేచింది. సన్నగా మొదలై, గది నిండా, రెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చి బల్ల మీద టీకప్పును కదిలించేంతగా. హింగానో దాన్ని ఐదు సెకన్లలో ఆపేసింది. సోఆకాయి రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

"మోగింది," అంది పెలెనైసే.  "పడవ తొమ్మిది రోజులకన్నావు కదూ. దాన్లో ఫినేఆసిని పంపు."

"అక్కా, మామయ్య రాడేమో."

"నేను రమ్మన్నానని చెప్పు. రేవులో నేనే ముందు నిలబడతానని చెప్పు. నా వెనక ఊరంతా ఉంటుంది, ఉండకపోతే నేను ఊరుకోను." ఇంకేదో అనబోయి ఫోను పెట్టేసింది.

సోఆకాయి బల్ల సొరుగులోంచి తెల్లకాయితం తీశాడు. పెద్ద అక్షరాలతో, పైన తన పేరు రాసుకున్నాడు. "మంత్రిగారి దగ్గరికి నేనే వెళతాను. మూడింటికల్లా అందరికీ తెలుస్తుంది. నకలు తీశావా?"

"రెండు చోట్ల."

"మంచిపని చేశావు," అన్నాడు, ఎప్పుడూ అనేట్టే. అని, తాను అన్నది తనకే వినిపించి తల దించుకున్నాడు.

హింగానో సంచీ భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఆయన గొంతు ఆపింది.

"ఇంకొకటి ఉంది. అది చెప్పాల్సింది నేను కాదు."

ఆమె వెనక్కి చూడలేదు. ఆ రోజుకి ఇంకొకటి వినే ఓపిక లేదు. వానలోకి దిగింది.

ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. పెరట్లో ఫినేఆసి పెండలం తీగలను వెదురు పుల్లలకు ఎక్కిస్తున్నాడు. ఎండుగడ్డి పోచతో ముడి వేసి, పళ్ళతో బిగిస్తున్నాడు. అరచేతుల మీద అడ్డంగా ఉన్న తెల్లటి మచ్చలు ఏవో వల తాళ్ళ కోతలని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఇంత తొందరగా వచ్చేశావేంటి పిల్లా? అన్నం తిన్నావా? లోపల చేమాకుల లూ కూర ఉంది, కొబ్బరిపాలు కాస్త విరిగాయి గానీ బానే ఉంది."

"మామయ్యా, ఇటు కూర్చో."

"చేతులు మట్టి. చెప్పు, వింటాను."

చెప్పింది. బురదలో నిలబడి, ఏడుస్తూ, ముందూ వెనకా కలిపేస్తూ చెప్పింది. ఎనిమిది యాభై ఒకటి, తొమ్మిది నాలుగు, ఇరవై ఏడో వరస, కేకేల వాసన. లైటు వెలుగుతూనే ఉందని పెట్టె సాక్ష్యం చెప్పిందని చెప్పింది. ఆయన ముఖంలో రెండేళ్ళ బరువు దిగడం చూడాలని ఆమె ఆ ముఖాన్నే చూస్తోంది.

ఫినేఆసి తీగ వదల్లేదు. ఇంకో ముడి వేశాడు.

"పెలెనైసే విందా?"

"అంతా వింది. నిన్ను రమ్మంది. రేవుకి తనే వస్తానంది."

ఆయన చేతులు అప్పుడు ఆగాయి. "ఆమె వినకుండా ఉండాల్సింది," అన్నాడు మెల్లగా.

"అదేం మాట మామయ్యా? నువ్వు నిజమే చెప్పావని అందరికీ తెలుస్తుంది."

"నిజం ఒక్కరోజే చెప్పాను హింగా. రెండో రోజు చెప్పలేదు."

హింగానోకు అర్థం కాలేదు. ఫినేఆసి గట్టు మీద కూర్చున్నాడు. మట్టి చేతులు మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకున్నాడు.

"విచారణవాళ్ళు పడవ దిగిన రోజున సోఆకాయి కూడా దిగాడు. ఆ సాయంత్రం చీకటి పడకముందే మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కూలబడి, తను చేసిందంతా చెప్పాడు. నువ్వు ఇవాళ చెప్పినదానికంటే ఒక్క ముక్క తక్కువ చెప్పలేదు. రేపు పొద్దున వాళ్ళ ముందు ఒప్పుకుంటానన్నాడు."

"నీకు తెలుసా?" హింగానో గట్టు దగ్గరికి వచ్చింది. "రెండేళ్ళుగా నీకు తెలుసా?"

"అప్పటికి మీ అమ్మ పోయి మూడు నెలలు. నువ్వు సోఆకాయి ఆఫీసుకి రెండుసార్లు దరఖాస్తు పెట్టి రెండుసార్లూ కాదనిపించుకున్నావు. ఫోన్లు బాగుచేసే కొట్లో నిలబడి ఏడ్చావు, గుర్తుందా? నా దగ్గర ఇవ్వడానికి ఏముంది? ఒక్క నోరు ఉంది." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఒప్పుకోవద్దు అన్నాను. రేపు నేను మాట్లాడను అన్నాను. దానికి బదులు ఒకటి అడిగాను."

"ఏం అడిగావు మామయ్యా?"

ఫినేఆసి తల ఎత్తాడు. ఆమె మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు వైపు చూశాడు.